మెడ ఎముకలను కట్టిన తాళ్ళు

ముందుగా మీరొక చిన్న పని చేయండి. పత్రికను ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని, గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. ఆనిందా? ఇప్పుడు తలెత్తి ఇంటికప్పు చూడండి. తర్వాత ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడండి. (మెడనొప్పి ఉన్నవారు బలవంతాన తిప్పవద్దు.) హైస్కూల్లోనో కాలేజీలోనో చదివేవారికి ఇందులో కష్టమేమీ ఉండదు. ఇంత తేలికైన పని ఎందుకు చేయించానో కాస్త ఆగి చెబుతాను.

ఈ విషయం మీద రాయాలన్న ఆలోచన నాకు పుదుచ్చేరిలో కలిగింది. 2006 దాకా మనం పాండిచ్చేరి అని పిలిచిన ఊరే అది. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం కూడా దాని పాలన కిందిదే. ఒకనాడు తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున నడుస్తుంటే, కురుచికుప్పం వైపు నుంచి ఒక బెస్త స్త్రీ తలమీద చేపల గంపతో ఎదురొచ్చింది. వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆమె ఆగి, గంపకు చెయ్యి తగలనివ్వకుండా మెడ మాత్రం కొంచెం పక్కకు తిప్పి, జవాబు చెప్పి, తన దారిన తాను వెళ్ళిపోయింది. మనిషి తలే నాలుగైదు కిలోలుంటుంది. దాని మీద గంప. ఈ బరువంతా మోస్తున్నవి ఏడు చిన్న ఎముకలు. వాటి నడుమ నుంచే మెదడు నుంచి కాళ్ళూ చేతులకూ వెళ్ళే వెన్నుపాము దిగుతుంది. బరువు మోయాలంటే కదలకుండా ఉండాలి. పిలిస్తే తిరగాలంటే కదలాలి. ఈ రెండు పనులూ ఒకే మెడ ఎలా చేస్తోంది?

ఈ ప్రశ్నకు ఒక మంచి జవాబు పుదుచ్చేరి తీరంలోనే ఒకప్పుడు కళ్ళకు కనబడేది. ఫ్రెంచివారి కాలంలో అక్కడ ఓడలు ఒడ్డుకు వచ్చే రేవు లేదు. ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసేవి. మనుషులూ సరుకులూ ఒడ్డు చేరాలంటే విరుచుకుపడే కెరటాలను దాటాలి. మేకులు కొట్టి బిగించిన ఐరోపా పడవలు ఆ కెరటాల్లో తుక్కయిపోయేవి. మన కోరమండల్ తీరపు పడవలు మాత్రం తట్టుకునేవి. వాటిలో ఒక్క మేకు కూడా ఉండేది కాదు, లోపల పక్కటెముకల్లాంటి అడ్డకర్రలూ ఉండేవి కావు. పలకలకు అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాళ్ళతో ఒకదానికొకటి కుట్టేవారు. ఇంగ్లీషువారు వీటిని మసూలా పడవలన్నారు. ఆ పేరుకు మచిలీపట్నంతో సంబంధం ఉందని కొందరంటారు. తమిళులు సలంగు అంటే ఫ్రెంచివారు ఆ మాటనే తమ నోటికి అనువుగా తిప్పుకున్నారు. కెరటం వచ్చి కొడితే పడవ మొత్తం కాస్త వంగి, దెబ్బను మింగి, మళ్ళీ సర్దుకునేది. దాని బలం చెక్కలో కన్నా తాళ్ళలోనే ఎక్కువ.

శరీరాన్ని ఇలాంటి పడవతోనే పోల్చినవాడు మన దేశంలో ఎప్పుడో ఉన్నాడు. సుశ్రుత సంహితలో శరీర నిర్మాణం చెప్పే భాగంలో ఈ ఉపమానం ఉంది: పలకలు పరిచి ఎన్నో కట్లతో బిగించిన పడవ నీటి మీద మనుషుల బరువును ఎలా మోస్తుందో, స్నాయువులతో కట్టిన కీళ్ళ వల్ల మనిషి కూడా అలాగే బరువు మోయగలుగుతున్నాడని దాని సారాంశం. అంతేకాదు, ఎముక, కండ, సిర వీటిలో ఏది దెబ్బతిన్నా కలగనంత హాని స్నాయువు దెబ్బతింటే కలుగుతుందని కూడా ఆ గ్రంథం అంటుంది. మొత్తం స్నాయువులు 900 అని లెక్క చెప్పి, వాటిలో 36 మెడలో ఉన్నాయంటుంది. స్నాయువు అన్న మాటను మనం నేటి అర్థంలో తీసుకోకూడదు. ఎముకను ఎముకతో కలిపే సంధిబంధనాలూ, కండను ఎముకతో కలిపే తంతువులూ, ఇంకా కొన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. లెక్కలో తేడాలూ ఉన్నాయి: మెడలో ఎముకలు తొమ్మిదని సుశ్రుతుడు, పదిహేనని చరకుడు చెప్పారు; నిజానికి వెన్నుపూసలు ఏడే.

అయినా సుశ్రుతుడికి తాళ్ళ మీద అంత దృష్టి ఎందుకు పడిందో ఊహించవచ్చు. ఆయన చెప్పిన పద్ధతిలో కత్తి వాడకం లేదు. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో ఉంచి, పారే నీటిలో మరుగైన చోట ఏడు రాత్రులు నాననిచ్చి, తర్వాత వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర తర్వాత పొర చూడాలి. మెత్తనివన్నీ ముందు ఊడిపోతాయి. గట్టి తాళ్ళు చివరిదాకా అంటిపెట్టుకునే ఉంటాయి. ఐరోపాలో చాలాకాలం దీనికి ఎదురుగా జరిగింది. అస్థిపంజరం తయారు చేయడానికి ఎముకలను ఉడకబెట్టి, అంటుకుని ఉన్నదంతా గీకి పారేసి, ఆ పైన తీగలతో కట్టి నిలబెట్టేవారు. అంటే అసలు తాళ్ళు పారేసి కొత్త తాళ్ళు కట్టారన్నమాట! ఇప్పటికీ మీ బడి ప్రయోగశాలలో వేలాడే అస్థిపంజరం తీగల మీదే ఆధారపడి ఉంటుంది. మెడ గురించి అది మీకు చెప్పేది సగం కథే.

సంధిబంధనాలకే ఒక పూర్తి పుస్తకం దక్కడానికి 1742 దాకా ఆగాల్సి వచ్చింది. డూప్లే పుదుచ్చేరి గవర్నరుగా బాధ్యతలు తీసుకున్న సంవత్సరం అది. ఆ ఏడాదే రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యోసియాస్ వైట్‌బ్రెహ్ట్ అనే జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు మానవ శరీరంలోని బంధనాలన్నిటినీ వర్ణిస్తూ లాటిన్‌లో ఒక గ్రంథం అచ్చువేయించాడు. తర్వాత పారిస్‌లో బిషా, శరీరం అవయవాల ముద్ద కాదని, 21 రకాల కణజాలాల అల్లిక అని 1800 ప్రాంతంలో చూపించాడు. సూక్ష్మదర్శిని మీద ఆయనకు నమ్మకం లేదు. కోసి, ఉడకబెట్టి, నానబెట్టి, ఎండబెట్టి చూసేవాడు. ముప్పై ఏళ్ళకే 1802లో చనిపోయాడు. ఫ్రెంచి ప్రభుత్వం పుదుచ్చేరిలో వైద్య పాఠశాల తెరిచింది 1823లో. 1964లో జిప్‌మర్‌గా పేరు మారిన సంస్థకు మూలం ఆ పాఠశాలే.

ఇక మెడ లోపలికి వెళదాం. మెడలోని ఏడు వెన్నుపూసల్లో కింది అయిదూ చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పై రెండింటి తీరే వేరు. మొదటిదాన్ని మన పాఠ్యపుస్తకాలు శీర్షధరం అంటాయి, డాక్టర్లు అట్లాస్ అంటారు. ఇది ఒట్టి ఉంగరం. దీని మీద పుర్రె కూర్చుంటుంది; 'అవును' అని తల ఆడించేది ఈ కీలు దగ్గర. రెండోది అక్షకశేరుకం. దీని నుంచి పన్ను ఆకారంలో ఒక మొన పైకి లేచి, ఉంగరంలో ముందు భాగాన దూరుతుంది. తిరగలి చూశారు కదా? కింది రాతిలో నిలిపిన మేకు చుట్టూ పై రాయి తిరుగుతుంది. అలాగే ఈ దంతాకారపు మొన చుట్టూ ఉంగరం, దానితోపాటు తల తిరుగుతాయి. మీరు ఇందాక భుజం మీదుగా వెనక్కి చూసినప్పుడు మెడ తిరిగినదాంట్లో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరిగింది. 'కాదు' అనేది ఇక్కడే. మనవాళ్ళు అవునో కాదో తేల్చకుండా తల ఆడిస్తారే, దానికి రెండు కీళ్ళూ కావాలి!

తిరగలికీ మెడకూ ఒక పెద్ద తేడా ఉంది. తిరగలి మేకు చుట్టూ రాయే ఉంటుంది. ఇక్కడ మొనకు ముందు ఎముక ఉంది, వెనక మాత్రం లేదు. వెనక ఉన్నది వెన్నుపాము. ఆ రెండింటి మధ్య అడ్డుగా, ఉంగరంలో ఒక పక్క నుంచి మరో పక్కకు లాగి కట్టిన పట్టీ ఉంది. అదే అడ్డబంధనం. మొన వెనక్కి జారి వెన్నుపామును నొక్కకుండా ముఖ్యంగా కాపాడేది ఈ ఒక్క పట్టీయే. దీనికి తోడుగా మొన కొన నుంచి పుర్రెకు రెండు పక్కలా రెండు గట్టి పగ్గాలు పోతాయి. తల మరీ ఎక్కువగా తిరగకుండా ఆపేవి అవి. ఉంగరం లోపలి జాగాను మూడు పాళ్ళు చేస్తే ఒక పాలు మొనకు, ఒక పాలు వెన్నుపాముకు, మిగిలిన పాలు ఖాళీ అని అమెరికా శస్త్రవైద్యుడు స్టీల్ 1968లో ఒక లెక్క చెప్పాడు. ప్రకృతి మనకు విడిచిన వెసులుబాటు ఆ ఖాళీయే.

కింది పూసలకు వేరే కట్లున్నాయి. పూసల దిమ్మల ముందు ఒక పొడవాటి పట్టీ, వెనక ఒక పొడవాటి పట్టీ దిగుతాయి. వెనక పట్టీ సరిగ్గా వెన్నుపాముకు ముందు గోడలా ఉంటుంది. వెన్నుపాముకు వెనక గోడలో పూసకూ పూసకూ మధ్య పసుపు రంగు బంధనాలుంటాయి. ఆ రంగు సాగే గుణమున్న ఇలాస్టిన్ అనే ప్రోటీన్ వల్ల వచ్చింది. మీరు తల వంచినప్పుడు అవి సాగుతాయి, ఎత్తినప్పుడు మడతపడి లోపలికి పొడుచుకు రాకుండా మళ్ళీ కుదించుకుంటాయి. మెడ వెనక చర్మం కింద మరో బంధనం ఉంది. గడ్డి మేసే ఎద్దులో అది మోకులా లావుగా, సాగేదిగా ఉండి, తల బరువును కండల శ్రమ లేకుండా పట్టి ఉంచుతుంది. నిటారుగా నిలబడే మనిషిలో అది పలచబడిపోయింది.

ఇంత కట్టుదిట్టం ఎందుకో రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ చూపించాడు. జంతువుల వెన్నుపామును వేర్వేరు చోట్ల కోసి ఏమవుతుందో చూశాడు. మొదటి రెండు పూసల మధ్య కోస్తే జంతువు వెంటనే చచ్చిపోయింది. మూడు నాలుగు పూసల మధ్య కోస్తే ఊపిరి ఆగింది. ఆరో పూస కింద కోస్తే ఛాతీ కండలు ఆగినా ఉదరవితానం ఆడుతూనే ఉంది. ఊపిరిని నడిపే నరం మెడలో నుంచే బయలుదేరుతుందన్నమాట. బతికున్న జంతువుల మీద చేసిన ఆ పని చదవడానికే బాధగా ఉంటుంది. కానీ ఆ ఫలితం నేటికీ నిలిచే ఉంది.

తాళ్ళతో కట్టిన పడవ రెండు రకాలుగా పాడవుతుంది. తాడు తెగవచ్చు, వదులు కావచ్చు. లేదా ఎండి బిర్రబిగిసి వంగడం మానేయవచ్చు. మెడ చరిత్ర కూడా ఈ రెండు దారుల్లోనే నడిచింది.

మొదటి దారిని చకచకా చెప్పేస్తాను. గొంతులో పుట్టిన పుండు లోపలికి పాకి అడ్డబంధనాన్ని తినేయడం వల్ల ప్రాణం పోయిన సంగతిని సర్ చార్లెస్ బెల్ 1830లో రాశాడు. వందేళ్ళ తర్వాత, 1930లో, గొంతు జబ్బు చేసిన పిల్లల్లో ఈ కీలు వదులై మెడ ఒక పక్కకు తిరిగి ఉండిపోవడాన్ని ఫ్రాన్సులో గ్రిజెల్ వివరించాడు. ప్రమాదాల్లో ముందుగా తెగేది ఈ పట్టీయేనని చాలాకాలం అనుకున్నారు. రంగూన్ జైలులో ఉరిశిక్ష పడినవారి ఎముకలను పరిశీలించిన వుడ్ జోన్స్ 1913లో దాన్ని కాదన్నాడు: విరిగింది రెండో పూస ఎముక, బంధనం కాదు. తాడు చెక్క కన్నా గట్టిదని తేలింది. మన దేశంలో పుట్టుకతోనే ఈ కీలు వదులుగా ఉండేవారు తక్కువేమీ కాదు. అలాంటి 28 మంది రోగుల గురించి బొంబాయి నాడీవైద్యుడు నోషిర్ వాడియా 1967లో రాసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది. మొదటి రెండు పూసలను నేరుగా ప్లేట్లు, స్క్రూలతో బిగించే పద్ధతిని అదే నగరం నుంచి అతుల్ గోయెల్ 1994లో ప్రకటించాడు. తాడు పనికిరానప్పుడు మేకే గతి. ఆ కీలు మళ్ళీ తిరగదు, కానీ మనిషి నడుస్తాడు.

రెండో దారే మన తెలుగువారికి దగ్గరిది. బిగిసిపోయిన తాళ్ళ కథ.

బంధనం ఎముకగా మారి వెన్నుపామును నొక్కగలదని లండన్ వైద్యుడు ఆస్టన్ కీ 1838లోనే రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1932లో కోపెన్‌హాగన్‌లో క్రయొలైట్ ఖనిజాన్ని పొడి చేసే కార్మికుల ఊపిరితిత్తులను చూడడానికి మొల్లర్, గుడ్యోన్సన్ అనే ఇద్దరు ఎక్స్-రేలు తీశారు. ఊపిరితిత్తుల కన్నా ఎముకలు వారిని ఆశ్చర్యపరిచాయి. అవి సున్నపురాయిలా తెల్లగా, దట్టంగా కనిపించాయి. బంధనాల్లోనూ ఎముక పేరుకుంది. క్రయొలైట్‌లో ఉన్నది ఫ్లోరిన్. అక్కడి విషయాలన్నీ కలిపి రోహోల్మ్ 1937లో పెద్ద గ్రంథం వెలువరించాడు.

సరిగ్గా అదే 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, మద్రాసు వైద్యులు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లతో కలిసి ఒక నివేదిక ప్రచురించాడు. అది కార్మికుల గురించి కాదు, రైతుల గురించి. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతపు గ్రామాల్లో మనుషులు నడివయసుకే కొయ్యబారిపోతున్నారు. (1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులోకి వెళ్ళింది.) పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. ముందు కాళ్ళూ చేతుల్లో తిమ్మిరి, తర్వాత నడుములో బిగువు, అది మెడదాకా పాకడం. చివరికి వెన్ను మొత్తం ఒకే కర్రయిపోయి, పక్కకు చూడాలంటే మనిషి మనిషంతా తిరగవలసిన స్థితి. ఎడ్లు కూడా కాళ్ళు బిగిసి అరక లాగలేకపోవడాన్ని రైతులు అంతకు ముందే గమనించారని చెబుతారు. కారణం బావి నీళ్ళు. డెన్మార్కులో దుమ్ముగా లోపలికి వెళ్ళినది ఇక్కడ నీళ్ళతో వెళ్ళింది. షార్ట్ మలేరియా పరిశోధకుడిగా తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్నాడు. ఈ నివేదికను మాత్రం ఫ్లోరోసిస్ గురించి పనిచేసేవారు తప్ప ఎవరూ తలచుకోరు. నా దృష్టిలో అది దక్షిణ భారత వైద్యచరిత్రలో గొప్ప పత్రాల్లో ఒకటి.

అసలు జరిగేదేమిటి? మన ఎముకలోని ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేట్‌లతోపాటు హైడ్రాక్సిల్ అయాన్లుంటాయి. ఫ్లోరైడ్ దాదాపు వాటి పరిమాణమే కాబట్టి వాటి స్థానంలో సులువుగా చేరిపోతుంది. అంతటితో ఆగదు, ఎముకను కట్టే కణాలను అదేపనిగా పనికి పురమాయిస్తుంది. ఎక్కడ పడితే అక్కడ కొత్త ఎముక పుడుతుంది. ముఖ్యంగా బంధనాలు ఎముకకు అతుక్కునే చోట. అక్కడి నుంచి అది తాడు పొడవునా పాకుతుంది. మెడలో వెన్నుపాముకు ముందున్న పొడవాటి పట్టీ ఎముకవుతుంది. వెనకనున్న పసుపు బంధనమూ మందమెక్కి గట్టిపడుతుంది. రెండు గోడలూ లోపలికి జరుగుతాయి. పెద్దవారి మెడలో వెన్నుపాము దిగే గొట్టం ముందు నుంచి వెనకకు సుమారు 17 మిల్లీమీటర్లు. వెన్నుపాము అందులో సగానికి కాస్త ఎక్కువ. కొన్ని మిల్లీమీటర్లు తగ్గినా కాళ్ళు తడబడతాయి, చేతివేళ్ళు గుండీ పెట్టుకోలేవు. ఫ్లోరోసిస్ వల్ల నరాల బాధ వచ్చినవారిలో ఎక్కువగా నలిగేది మెడ భాగమే.

నల్లగొండ జిల్లాలో ఈ జబ్బు గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అక్కడి నేల గ్రానైటు. అందులోని ఫ్లోరిన్ ఖనిజాలను నీరు ఏళ్ళ తరబడి కరిగించుకుంటుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉండే నీటిలో మరీ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరుతోనే వాడారు. ఒక జిల్లా తన కష్టం వల్ల ప్రపంచపు పుస్తకాలకెక్కింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం నదుల నీటిని తెలంగాణ పల్లెలకు తెచ్చింది.

మంచినీళ్ళు వచ్చాక పుట్టే పిల్లల మెడలు బాగుంటాయి. కానీ ఎముకగా మారిన బంధనం మళ్ళీ తాడు కాదు. అప్పటికే నలుగుతున్న వెన్నుపామును విడిపించాలంటే శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఇలాంటి రోగుల మీద దశాబ్దాలు పనిచేశారు. వెనక గోడ ఎముకను తొలగించి వెన్నుపాముకు చోటు కల్పించాలి. ఆ ఎముక దట్టంగా, దంతంలా గట్టిగా ఉంటుంది. పనిముట్లు అరిగిపోతాయి, దాని వెనక ఉన్నదేమో వెన్నలాంటి మెత్తని వెన్నుపాము. ఇంకో చిక్కు అంతకన్నా ముందే వస్తుంది. మత్తు ఇచ్చేవారు శ్వాసనాళంలోకి గొట్టం దించడానికి రోగి తలను వెనక్కి వంచాలి. ఈ మెడ వంగదు. బంధనం ఎముకయ్యే జబ్బు ఫ్లోరైడ్‌తో నిమిత్తం లేకుండా జపానులోనూ ఉంది. 1960లో త్సుకిమోతో శవపరీక్షలో దాన్ని గుర్తించాక అక్కడివారు దాని మీద ఎంతో పరిశోధించారు. ఎముకను పూర్తిగా తీసేయకుండా తలుపులా ఒక పక్కకు తెరిచి ఉంచే పద్ధతి 1970లలో అక్కడ పుట్టిందే.

ఇప్పుడు మొదట్లో మీ చేత చేయించిన పని సంగతి. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ కార్యక్రమం ప్రారంభించినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఇలాంటి గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఎక్స్-రే దాకా పోకుండానే చేయించే పరీక్షలు మూడున్నాయి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోమంటారు. చేతులు చాచి, మడిచి తల వెనక ఆనించమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. ఆనించలేకపోతే పళ్ళు చూస్తారు, ముంజేతికి ఎక్స్-రే తీయిస్తారు, తాగే నీటిని సీసాలో పట్టి, దాని మీద బావి ఎవరిదో రాసి, పరీక్షకు పంపుతారు.